తప్పింది విద్యార్థి కాదు

బీటెక్ మొదటి సంవత్సరం ఫలితాలు వచ్చిన ప్రతిసారీ కళాశాలల నుంచి వినిపించే సంజాయిషీ ఒక్కటే: ‘మా దగ్గరికి వచ్చే పిల్లల స్థాయే అంతంత మాత్రం, మేమేం చేస్తాం?’ బందరు నుంచి గుడివాడ దాకా, దివిసీమ పిల్లలు పొద్దున్నే బస్సెక్కి వెళ్ళే కళాశాలల్లో చాలాచోట్ల ఈ మాట చెల్లుబాటవుతోంది. యాజమాన్యాలు అంటాయి, ప్రిన్సిపాళ్ళు అంటారు, ఆఖరికి ఫెయిలైన పిల్లవాడి తండ్రి కూడా తల దించుకుని అదే నమ్ముతాడు. ఈ సంజాయిషీని మేము అంగీకరించడం లేదు. ర్యాంకు చూసే సీటిచ్చారు. ఇంటర్ మార్కుల జాబితా చేతిలో పెట్టుకునే చేర్చుకున్నారు. ఏ ఊరు, ఏ బడి, ఏ మీడియం అన్నది దరఖాస్తులోనే ఉంది. అన్నీ తెలిసి చేర్చుకుని, ఫీజు పైసాతో సహా లెక్కగట్టి, ఏడాది తిరిగేసరికి ‘వాడికి బేసిక్స్ లేవు’ అంటే కుదరదు. బేసిక్స్ లేవని తెలిసినప్పుడు వాటిని నేర్పడమే మొదటి సంవత్సరం పని. నారు పోయకుండా నాట్లకు కూలీలను పిలిచే రైతు దివిసీమలో ఎక్కడా కనిపించడు. మన ఇంజినీరింగ్ కళాశాలలు పాతికేళ్ళుగా చేస్తున్నది అదే.

మోపిదేవి, చల్లపల్లి, అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు మండలాల నుంచి బీటెక్‌లో చేరే పిల్లల్లో ఎంతోమంది తమ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి తరం. నాన్న కౌలు రైతు కావచ్చు, అరటి తోటలో కూలీ కావచ్చు, వేటకు వెళ్ళే మత్స్యకారుడు కావచ్చు. పదో తరగతి వరకు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. ఆ తర్వాత రెండేళ్ళు విజయవాడ చుట్టుపక్కల ఏదో ఒక రెసిడెన్షియల్ కళాశాలలో బిట్ల సాధన. ఆ సాధన అంతా ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ కోసం. మూడు గంటల్లో 160 ప్రశ్నలు: లెక్కలు 80, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 40. ప్రశ్నకు నిమిషం పైన ఏడెనిమిది సెకన్లు. తప్పు గుర్తించినా మార్కు కోత లేదు కాబట్టి తెలియని ప్రశ్ననైనా ఏదో ఒక గడి నొక్కి వదలడమే తెలివి. ఎందుకు అని అడిగే తీరిక ఆ రెండేళ్ళలో ఉండదు. అడిగినవాడు వెనకబడతాడు.

అలా తయారైన పిల్లవాడి ముందు మొదటి సెమిస్టర్‌లో ‘లీనియర్ ఆల్జీబ్రా అండ్ కాల్క్యులస్’ పుస్తకం, ‘ఇంట్రడక్షన్ టు ప్రోగ్రామింగ్’ పుస్తకం పెడతారు. మొన్నటి దాకా నాలుగు సమాధానాల్లో ఒకటి ఎంచుకున్నవాడు ఇప్పుడు పేజీల కొద్దీ వాదన నడపాలి, ఉత్పాదన రాయాలి, కంప్యూటర్‌కు తన ఆలోచనను ఒక్కో మెట్టుగా చెప్పాలి. అదీ ఇంగ్లీషులో. ఈ రెండు చదువులకూ మధ్య ఒక పెద్ద గండి ఉంది. దాన్ని పూడ్చే బాధ్యతను ఇంటర్ బోర్డు తీసుకోదు, విశ్వవిద్యాలయం తీసుకోదు, కళాశాల తీసుకోదు. ఎవరి పరిధిలో వాళ్ళు సక్రమంగానే ఉన్నారు. గండిలో పడేది మాత్రం పద్దెనిమిదేళ్ళ కుర్రాడు.

ఈ గండి సంగతి పైవాళ్ళకు తెలియక కాదు. అఖిల భారత సాంకేతిక విద్యామండలి, అంటే ఏఐసీటీఈ, కొత్తగా చేరినవారికి మూడు వారాల ప్రవేశ శిక్షణ ఇవ్వాలని 2017 నుంచే చెబుతోంది. 2018 జనవరిలో తెచ్చిన నమూనా పాఠ్యప్రణాళికలో డిగ్రీకి కావలసిన క్రెడిట్లను 220 నుంచి 160కి తగ్గించింది. భారం తగ్గితే పిల్లలకు ఆలోచించే సమయం దొరుకుతుందని దాని ఉద్దేశం. ఆచరణలో ఆ మూడు వారాలు ఏమయ్యాయి? చాలాచోట్ల జ్యోతి ప్రజ్వలన, ఛైర్మన్ గారి ప్రసంగం, మైకు పట్టుకుని చప్పట్లు కొట్టించే ఒక వ్యక్తిత్వ వికాస నిపుణుడు, ఫొటోలు. ఆ ఫొటోలు కళాశాలలకు నాణ్యత గ్రేడు ఇచ్చే న్యాక్ కోసం పెట్టిన ఫైల్లోకి వెళతాయి. ఎవరికి భిన్నాలు రావు, ఎవరికి ఇంగ్లీషు వాక్యం చదివితే అర్థం కాదు, ఎవరు కంప్యూటర్ ముట్టుకోవడం ఇదే మొదటిసారి అన్నది తెలుసుకునే చిన్న పరీక్ష కూడా ఉండదు. రోగి ఎవరో తెలుసుకోకుండా మందు ఎవరికి ఇస్తారు?

ఇక తరగతి గది. ప్రొజెక్టర్ మీద పీపీటీ వెలుగుతుంది. ఎక్కడో దింపుకున్న స్లైడ్లను అధ్యాపకుడు పైకి చదువుతారు. అది కాకపోతే నోట్సు చెబుతారు, పిల్లలు రాసుకుంటారు. ‘డౌట్సా?’ అన్న ప్రశ్నకు అరవై మంది నిశ్శబ్దమే జవాబు. ఆ నిశ్శబ్దాన్ని అర్థమైనట్టు లెక్కవేసి తర్వాతి స్లైడుకు పోతారు. కాలేజీ పరిభాషలో ‘సిలబస్ కవర్ అయింది’. నిజమే, కప్పడం మాత్రం నిష్ఠగా జరుగుతోంది.

పరీక్ష ఈ బోధనకు తగ్గట్టే ఉంది. ఐదు యూనిట్లు. యూనిట్‌కు రెండు పెద్ద ప్రశ్నలు, రెండింటిలో ఒకటి రాస్తే చాలు. విశ్వవిద్యాలయ పరీక్షకు 70 మార్కులు, కళాశాల చేతిలో 30. బయటి పరీక్షలో 35 శాతం, మొత్తం మీద 40 శాతం వస్తే పాస్. పాత ప్రశ్నపత్రాలు ఐదారు ముందేసుకుంటే ఈసారి ఏమి వస్తాయో లెక్కగట్టడం కష్టం కాదు. పరీక్ష ముందు రాత్రి వాట్సాప్ గ్రూపుల్లో ‘ఇంపార్టెంట్’ జాబితాలు తిరుగుతాయి. వాటిని బట్టీ పట్టినవాడు గట్టెక్కుతాడు. మొత్తం పుస్తకం అర్థం చేసుకోవాలని కూర్చున్నవాడు ఒక్కోసారి తప్పుతాడు. తెలివైన పిల్లలు ఈ ఆట నియమాలను మొదటి మిడ్ పరీక్షకే పసిగడతారు. వాళ్ళను తప్పుపట్టలేం. అర్థం చేసుకున్నందుకు మార్కు లేని చోట అర్థం చేసుకునే శ్రమ ఎవరు పడతారు?

ప్రయోగశాల గురించి రాయాలంటే కలం కాస్త కఠినంగానే కదలాలి. ల్యాబ్ అంటే ఇప్పుడు రికార్డు. అబ్జర్వేషన్ పుస్తకంలో ఒకసారి, రికార్డులో మరోసారి, సీనియర్ దగ్గర తెచ్చుకున్న పాత రికార్డు చూసి లక్ష్యం, పరికరాలు, విధానం, పట్టిక, ఫలితం దించుతారు. రీడింగులు అందులోంచే వస్తాయి. గ్రాఫు సరళరేఖలో ఎలా రావాలో ముందే తెలుసు కాబట్టి బిందువులను వెనక్కి లెక్కగట్టి పెడతారు. ఒక బెంచీ దగ్గర ఎనిమిది మంది నిలబడితే పరికరం ముట్టుకునేది ఇద్దరు. కొలత తప్పు వచ్చిందని చెప్పిన విద్యార్థికి ‘ఎందుకు తప్పు వచ్చిందో ఆలోచించు’ అనాల్సిన చోట ‘సరైన విలువ వేసుకో’ అంటారు. ఇంజినీరుకు ఇంతకంటే ప్రమాదకరమైన పాఠం లేదు. లేని కొలతను ఉన్నట్టు రాయడం పద్దెనిమిదేళ్ళకే అలవాటు చేసి, రేపు వంతెన నాణ్యత నివేదికలో నిజాయితీ ఆశిస్తున్నాం. నాలుగో ఏడాది ప్రాజెక్టు ఈ వరసకు పరాకాష్ఠ. విజయవాడలోనో, హైదరాబాద్ అమీర్‌పేటలోనో రిపోర్టుతో సహా కొనుక్కోవచ్చని తెలియని విద్యార్థి లేడు. తెలియని గైడ్ కూడా లేరు.

ఇది బందరు పక్కన జరుగుతోందన్నదే మా బాధ. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య వంటివారు ఈ ఊళ్ళో ఆంధ్ర జాతీయ కళాశాలను నిలబెట్టినప్పుడు చదువుకు చేతిపనిని జోడించడం వారి ప్రధాన సంకల్పాల్లో ఒకటి. పుస్తకంతో పాటు వర్క్‌షాపు, మగ్గం, చిత్రకళ అక్కడ చదువులో భాగాలు. పింగళి వెంకయ్య వంటివారు అక్కడ పాఠాలు చెప్పారు. 1926లో ఇదే బందరులో ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ పుట్టింది. ప్రయోగశాలలకు కావలసిన శాస్త్ర పరికరాలు ఇక్కడ తయారయ్యాయి. 1983లో దాన్ని భారత్ ఎలక్ట్రానిక్స్ స్వాధీనం చేసుకుంది. సైన్యానికి రాత్రివేళ చూపునిచ్చే పరికరాలు ఇప్పటికీ ఇక్కడ తయారవుతాయి. ప్రయోగశాలలకు పరికరాలు చేసిచ్చిన ఊరి చుట్టూ ఇప్పుడు పరికరం ముట్టకుండానే రికార్డు నింపే కళాశాలలు వెలిశాయి. పరాయి పాలనలో, చందాలు పోగుచేసుకుని ఆ పెద్దలు చేయగలిగినది, ప్రభుత్వం ఫీజు కట్టిపెడుతున్న రోజుల్లో వీళ్ళు చేయలేకపోతున్నారు.

బోధన మారితే ఫలితం మారుతుందా అన్నది ఇంకా తేలని వివాదమైతే మేము ఇంత కఠినంగా రాయం. అది ఎప్పుడో తేలింది. 2014లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో స్కాట్ ఫ్రీమన్ బృందం ఒక పెద్ద పరిశీలన ప్రచురించింది. సైన్సు, ఇంజినీరింగ్, గణిత తరగతుల మీద జరిగిన 225 అధ్యయనాలను అందులో కలిపి చూశారు. కేవలం ఉపన్యాసం విన్న తరగతుల్లో దాదాపు 34 శాతం తప్పితే, విద్యార్థులతో ప్రశ్నలు, చర్చలు, లెక్కలు చేయిస్తూ నడిపిన తరగతుల్లో తప్పినవారు 22 శాతం లోపే. అంతకు ముందే, 1990ల ఆరంభంలో, హార్వర్డ్ భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మజూర్ తన విద్యార్థులు సూత్రాలతో లెక్కలు చేస్తున్నారే తప్ప మూల భావన పట్టుకోలేదని గ్రహించి పద్ధతి మార్చుకున్నారు. కాసేపు చెప్పడం, ఒక ప్రశ్న వేయడం, పక్కవాడితో వాదించుకోమనడం, మళ్ళీ జవాబు అడగడం. దీనికి కోట్లు అక్కర్లేదు. స్మార్ట్ బోర్డు కూడా అక్కర్లేదు. అరవై మందికి తలా నాలుగు రంగుల అట్టముక్కలు ఇచ్చి, జవాబును బట్టి ఎత్తిచూపమంటే చాలు. ఎవరికి అర్థం కాలేదో ఒక్క చూపులో తెలుస్తుంది. హార్వర్డ్ పిల్లలకే ఉపన్యాసం చాలనప్పుడు, కోడూరు నుంచి వచ్చిన పిల్లకు చాలుతుందని ఎలా అనుకున్నారు?

భాష విషయంలో కూడా నటన మానాలి. తరగతిలో తెలుగు మాట్లాడకూడదని కొన్ని కళాశాలలు గోడల మీద రాసి పెడతాయి. అధ్యాపకుడికీ ఇంగ్లీషు అంతంత మాత్రమే అయినప్పుడు ఆ నిషేధం ఫలితం ఏమిటంటే, పాఠం చెప్పడం ఆగి చదవడం మొదలవుతుంది. 2021లో ఏఐసీటీఈ తెలుగుతో సహా పలు భారతీయ భాషల్లో బీటెక్‌కు అనుమతించినప్పుడు మన రాష్ట్రంలో ముందుకొచ్చింది ఆగిరిపల్లి మండలం పోతవరప్పాడులోని ఒక కళాశాల. ఆ ప్రయత్నం గౌరవించదగ్గదే. అయితే పూర్తిగా తెలుగు మీడియం డిగ్రీ అనగానే ఉద్యోగం మాటేమిటని తల్లిదండ్రులు బెదరడం సహజం. ఆ భయాన్ని కొట్టిపారేయలేం. అంత దూరం పోకుండానే చేయగలిగింది ఉంది. పరిభాష ఇంగ్లీషులోనే ఉంచి, వివరణ తెలుగులో ఇవ్వండి. మొదటి సంవత్సరం పిల్లవాడు సందేహం తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబు చెప్పండి. నాలుగో సెమిస్టర్ నాటికి అతనే ఇంగ్లీషులో అడుగుతాడు. ట్యూషన్ మాస్టారికి తెలిసిన ఈ సంగతి ప్రొఫెసర్‌కు తెలియదనుకోలేం. తనిఖీ బృందం వింటుందేమోనన్న భయమే అడ్డం.

ఇక విద్యార్థికి అండగా ఉండవలసిన ఏర్పాట్లు. కాగితం మీద వీటికి లోటు లేదు. ఇరవై మందికి ఒక మెంటర్, మెంటర్‌కు ఒక ఫైలు, ‘స్లో లెర్నర్ల’కు రెమిడియల్ తరగతులు, మహిళా విభాగం, ఫిర్యాదుల కమిటీ. ఆచరణ సంగతి అడిగితే బస్సు టైము చెప్పాలి. మోపిదేవి పిల్లలు పొద్దున్నే కాలేజీ బస్సెక్కుతారు. సాయంత్రం ఆఖరి గంట కొట్టగానే ఆ బస్సు కదులుతుంది. అది తప్పితే చల్లపల్లి సెంటర్లో మరో బస్సు కోసం చీకటి పడేదాకా నిలబడాలి. రెమిడియల్ తరగతి వేసేది సరిగ్గా ఆ ఆఖరి గంట తర్వాతే. అంటే, ఆ తరగతి ఎవరికి అవసరమో వాళ్ళు బస్సులో ఉంటారు. హాజరు పట్టీలో మాత్రం సంతకాలుంటాయి. ఇంత చిన్న విషయాన్ని సరిచేయలేనివాళ్ళు విద్యార్థి సంక్షేమం గురించి బ్రోచర్లు వేయడం ఆపాలి.

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బరాజ్ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద కిందికి వచ్చి కృష్ణ ఒడ్డు లంకలు మునిగాయి. ఇళ్ళు, అరటి తోటలు, పసుపు చేలు పోయిన కుటుంబాల్లో బీటెక్ చదివే పిల్లలూ ఉన్నారు. 75 శాతం హాజరు లేకపోతే ఫీజు సాయానికి ఇబ్బంది, 65 కూడా లేకపోతే సెమిస్టరే పోతుంది. నిబంధన అవసరమే, మేమూ కాదనం. కానీ వరద తగ్గిన వారం లంక పిల్లల జాబితా తీసి, పోయిన పాఠాలు మళ్ళీ చెప్పిన కళాశాలలు ఎన్ని? తుపాను, వరద ఈ డెల్టాకు చుట్టపుచూపుగా వచ్చేవి కావు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసిన సీమ ఇది. ఇక్కడి కళాశాలకు విపత్తు వేళ విద్యా ప్రణాళిక ఒకటి ఉండాలన్న ఆలోచన రాకపోవడం ఉపేక్ష కాక మరేమిటి?

గుడ్లవల్లేరు ఉదంతాన్ని దాటవేయడం సరికాదు. 2024 ఆగస్టు చివర్లో అక్కడి ఇంజినీరింగ్ కళాశాల బాలికల హాస్టల్‌లో రహస్య కెమెరాలు పెట్టారన్న ఆరోపణతో విద్యార్థినులు రాత్రివేళ ఆందోళనకు దిగారు. ప్రభుత్వం విచారణకు ఆదేశించింది. తనిఖీల్లో కెమెరాలేవీ దొరకలేదని పోలీసులు ప్రకటించారు. ఆరోపణ నిజమా కాదా అన్న తీర్పు మా పని కాదు, ఆ కళాశాల ఒక్కదాని మీద వేలెత్తి చూపడం మా ఉద్దేశమూ కాదు. మేము అడుగుతున్నది అన్ని కళాశాలలనూ. ఒక అనుమానం వందల మంది ఆడపిల్లలను అర్ధరాత్రి ఆవరణలోకి తెచ్చే దాకా పోయిందంటే, అంతకు ముందు పగటిపూట వాళ్ళు నమ్మి చెప్పుకోగలిగిన మనిషి మీ కళాశాలలో ఎవరు? వార్డెనా? ఆమెను నియమించినది యాజమాన్యం. ఫిర్యాదుల కమిటీయా? అందులో ఉన్నదీ వాళ్ళే. ఇంటర్నల్ మార్కులు ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్ళ మీద వాళ్ళకే ఫిర్యాదు చేయమంటే ఏ పిల్ల చేస్తుంది?

విద్యార్థి గోడు వినే మనిషి కళాశాలలో ఉండాలన్న విషయంలో 2025 జులై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఎవరికీ తప్పించుకునే దారి మిగల్చలేదు. ఆ కేసు మన రాష్ట్రానిదే. విశాఖపట్నంలో వైద్య ప్రవేశ పరీక్షకు చదువుతూ మరణించిన ఒక బాలిక తండ్రి న్యాయం కోసం వెళ్ళిన కేసు. ఒక్క 2022లోనే దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారన్న లెక్కను కోర్టు ముందుంచుకుని, అన్ని విద్యాసంస్థలకూ వర్తించే 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలరో, మనస్తత్వ నిపుణుడో, సామాజిక కార్యకర్తో కనీసం ఒకరుండాలి. మార్కుల ప్రకారం పిల్లలను వేరుచేయడం, అందరి ముందు అవమానించడం మానాలి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416 వంటివి అందరికీ కనిపించేలా రాయాలి. చట్టం వచ్చేదాకా ఇదే చట్టం. దీన్ని అమలు చేశామని ఎన్ని కళాశాలలు తమ పిల్లలకు చెప్పాయి? ఇంగ్లీషు మేడమ్‌కే కౌన్సెలర్ అన్న బోర్డు తగిలిస్తే అమలైనట్టు కాదు. నోటీసు బోర్డు మీద ఫెయిలైన వారి పేర్లు ఎర్ర సిరాతో అంటించడం, హాల్ టికెట్ ఇచ్చే రోజు ఫీజు బకాయి పేరుతో పిల్లవాడిని నిలబెట్టడం కూడా అవమానం కిందికే వస్తాయి.

ఫీజు బకాయి పాపం ప్రభుత్వానిది. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఈ డెల్టాలో వేలాది ఇళ్ళకు ఇంజినీరింగ్ తలుపు తెరిచింది, అందులో అనుమానం లేదు. విద్యా దీవెన అన్న పేరుతో కొన్నాళ్ళు తల్లుల ఖాతాల్లో వేశారు, 2024లో ప్రభుత్వం మారాక మళ్ళీ కళాశాలలకే వేస్తున్నారు. పేరు, దారి మారాయి తప్ప ఆలస్యం మారలేదు. ఆ ఆలస్యాన్ని సాకుగా చూపి యాజమాన్యం జీతాలు ఆపుతుంది, జీతం రాని అధ్యాపకుడు పాఠం మీద మనసు పెట్టడు. అంతకంటే పెద్ద లోపం మరొకటి ఉంది. ప్రభుత్వం ఇచ్చే డబ్బుకు హాజరు లెక్క ఉంది, బయోమెట్రిక్ ఉంది. నేర్చుకున్నాడా లేదా అన్న లెక్క మాత్రం ఎక్కడా లేదు. కుర్చీలో కూర్చున్నందుకు చెల్లిస్తున్నాం.

అధ్యాపకుల మీద మొత్తం నేరం మోపడం తేలిక, అది అన్యాయం కూడా. ఏఐసీటీఈ 2018లో అధ్యాపకులు, విద్యార్థుల నిష్పత్తిని 1:15 నుంచి 1:20కి సడలించింది. ఆ సడలించిన నిష్పత్తీ చాలాచోట్ల తనిఖీ రోజున మాత్రమే కనిపిస్తుంది. ఒకే అధ్యాపకుడి పేరు పలు కళాశాలల రికార్డుల్లో ఉన్న బాగోతం 2024లో తమిళనాడులో అన్నా విశ్వవిద్యాలయ అనుబంధ కళాశాలల్లో బయటపడింది. మన దగ్గర అలాంటిది లేదని గుండె మీద చేయి వేసుకుని చెప్పగల వైస్ ఛాన్సలర్ ఉంటే ముందుకు రావాలి. వేసవి వచ్చిందంటే లెక్చరర్లను ఊళ్ళ మీదికి తోలి, తలా ఇన్ని అడ్మిషన్లు తెమ్మని లక్ష్యాలు పెడతారు. ఇంటింటికీ తిరిగి సీట్లు అమ్మిన మనిషి జూన్‌లో కొత్త బోధనా పద్ధతి గురించి ఎప్పుడు ఆలోచిస్తాడు? బీఎస్ అండ్ హెచ్ విభాగం, అంటే మొదటి సంవత్సరం పాఠాలు చెప్పేవాళ్ళు, కళాశాలలో అందరికంటే తక్కువ జీతానికి, ఎక్కువ గంటలకు పనిచేస్తారు. పీహెచ్‌డీ రాగానే పై తరగతులకు పోతారు. అందరికంటే అనుభవజ్ఞుడు ఉండవలసిన చోట అందరికంటే కొత్తవాడిని నిలబెడుతున్నాం.

నాణ్యత చూడాల్సిన సంస్థల పరిస్థితి ఎలా ఉందో 2025 ఫిబ్రవరిలో చూశాం. గుంటూరు జిల్లాలోని ఒక డీమ్డ్ విశ్వవిద్యాలయానికి మంచి గ్రేడు ఇవ్వడానికి లంచం తీసుకున్నారన్న ఆరోపణ మీద సీబీఐ న్యాక్ తనిఖీ బృంద సభ్యులనే అరెస్టు చేసింది. కేసు సంగతి కోర్టు తేలుస్తుంది. ఫైళ్ళు చూసి గ్రేడు ఇచ్చే పద్ధతి మీద నమ్మకం మాత్రం ఆ రోజే పోయింది. ఇంజినీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ ఒప్పందంలో 2014లో భారత్ పూర్తి సభ్యురాలైనప్పటి నుంచి ‘ఫలితాల ఆధారిత విద్య’ అన్న మంత్రం మోగుతోంది. దాని పేరుతో అధ్యాపకులు రాత్రిళ్ళు కూర్చుని ఎక్సెల్ పట్టికల్లో ఫలితాలను నింపుతున్నారు. ల్యాబ్ రికార్డు నింపడం నేర్పినవాళ్ళే ఇప్పుడు తామూ రికార్డులు నింపుతున్నారు.

ఇదంతా ఇలా ఉండగా, 2024-25 నుంచి ఒక బ్రాంచిలో సీట్ల గరిష్ఠ పరిమితిని కూడా ఏఐసీటీఈ ఎత్తివేసింది. కంప్యూటర్ సైన్స్ సెక్షన్లు పెరుగుతున్నాయి, సివిల్, మెకానికల్ గదులకు తాళాలు పడుతున్నాయి. విచిత్రం చూడండి. 2023 మే 22న శంకుస్థాపన జరిగిన బందరు పోర్టు తపసిపూడి దగ్గర లేస్తోంది. నాగాయలంక మండలం గుల్లలమోదలో క్షిపణి పరీక్షా కేంద్రానికి 2025 మే 2న ప్రధాని శంకుస్థాపన చేశారు. కాలువ చివరి భూములకు నీరందడం, డ్రెయిన్ల వెంట ఉప్పునీరు ఎగదన్నడం, చెరువుల్లో ఏరేటర్ల కరెంటు ఖర్చు, కరకట్టల బలం: ఈ సీమలో ఇంజినీరు తేల్చవలసిన సమస్యలు వాకిట్లోనే ఉన్నాయి. బీటెక్ చదువును నడిపే విశ్వవిద్యాలయ ఆర్23 నిబంధనల్లో రెండో ఏడాది తర్వాత వేసవిలో సామాజిక సేవా ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. ఎంత చక్కటి అవకాశం! ఒక్కో జట్టు ఒక్కో ఊరి బోర్లలో ఉప్పు శాతం కొలిచి, మూడేళ్ళు వరసగా నమోదు చేస్తే జలవనరుల శాఖకే పనికొచ్చే సమాచారం తయారవుతుంది. అందుకు బదులు పారిశుద్ధ్యం మీద అవగాహన, మొక్కలు నాటడం, బ్యానరు పట్టుకుని ఫొటో, పాత పీడీఎఫ్‌లో ఊరి పేరు మార్చిన నివేదిక. మంచి ఆలోచనను కూడా రికార్డుగా మార్చగల శక్తి మన కళాశాలలకు ఉంది.

కాబట్టి మా తీర్పు ఇది. మొదటి సంవత్సరం తప్పిన ప్రతి విద్యార్థి వెనుక ముందుగా తప్పింది అతన్ని చేర్చుకున్న కళాశాల. ఆ తప్పును చూసీ చూడనట్టు అనుబంధం పొడిగిస్తున్న విశ్వవిద్యాలయం అందులో భాగస్వామి. నేర్చుకున్నాడా అని అడగకుండా డబ్బు కడుతూ, ఆ కట్టేదీ ఆలస్యంగా కడుతున్న ప్రభుత్వం మూడో ముద్దాయి. చదవని విద్యార్థులూ ఉన్నారు. ఫోన్‌లో రాత్రి తెల్లవార్లూ గడిపి తరగతిలో నిద్రపోయేవాళ్ళను మేమూ వెనకేసుకురాం. కానీ సగం తరగతి తప్పితే అది సోమరితనం కాదు, బోధనా వైఫల్యం.

విశ్వవిద్యాలయాలు ప్రతి కళాశాలలో చేరినవారెందరు, మొదటి ఏడాది అన్ని సబ్జెక్టులూ తొలి ప్రయత్నంలో పాసైనవారెందరు అన్న రెండే రెండు అంకెలను కౌన్సెలింగ్‌కు ముందు బహిరంగంగా ప్రకటించాలి. ప్లేస్‌మెంట్ ఫ్లెక్సీల కంటే ఆ రెండు అంకెలు ఎక్కువ నిజం చెబుతాయి. ప్రశ్నపత్రాల్లో సగం, ముందెన్నడూ అడగని ప్రశ్నలు ఉండాలి. ల్యాబ్ మార్కుల్లో రికార్డుకు వాటా తీసేసి, పరీక్షకుడి ఎదుట విద్యార్థి తన చేత్తో తీసిన కొలతకు, అది తప్పితే ఎందుకు తప్పిందో చెప్పిన మాటకు ఇవ్వాలి. కళాశాలలో అత్యుత్తమ అధ్యాపకుడు మొదటి సంవత్సరానికి ఒక్క పాఠమైనా చెప్పి తీరాలి. రెమిడియల్ తరగతి టైమ్‌టేబుల్ లోపలికి, బస్సు కదలకముందుకు రావాలి. కౌన్సెలర్ జీతం యాజమాన్యం ఇచ్చినా, ఆ కౌన్సెలర్‌కు ఇంటర్నల్ మార్కులతో ఏ సంబంధమూ ఉండకూడదు. వీటిలో దేనికీ కొత్త భవనం అక్కర్లేదు, కొత్త చట్టం అక్కర్లేదు. ఈ జూన్‌లోనే మొదలుపెట్టవచ్చు.

యాజమాన్యాలు తమంతట తాము మారతాయన్న భ్రమ మాకు లేదు. వాళ్ళు ఒక్క భాష బాగా అర్థం చేసుకుంటారు, సీటు నిండకపోవడం. మోపిదేవిలోనైనా, చల్లపల్లిలోనైనా, కోడూరులోనైనా కాలేజీ మనిషి రంగుల బ్రోచరు పట్టుకుని మీ గుమ్మంలోకి వచ్చినప్పుడు మంచినీళ్ళు ఇచ్చి కూర్చోబెట్టండి. ఆ తర్వాత మూడు ప్రశ్నలు వేయండి. పోయిన ఏడాది మీ దగ్గర చేరినవాళ్ళలో మొదటి సంవత్సరం అన్నీ పాసైంది ఎందరు? మా పిల్లకు పాఠం అర్థం కాకపోతే ఎవరు, ఏ గంటలో మళ్ళీ చెబుతారు? మీ కౌన్సెలర్ పేరేమిటి, ఆమె వారంలో ఎన్ని రోజులు వస్తారు? జవాబు కాగితం మీద రాసి, కళాశాల ముద్ర వేసి ఇమ్మనండి. ఇవ్వని కళాశాలకు వెబ్ ఆప్షన్ పెట్టకండి.